పట్టణములో ఒక దినము



దసరా సెలవులలో ఒక దినము నేనును, నా భార్యయు, మా పెద్దమ్మాయియు బొంతపల్లి నుండి హైదరాబాదునకు వెళ్లితిమి. అమ్మాయికి పెండ్లి కుదిరియుండెను. గాజులు, చీరెలు కొనవలెనని నా భార్య కోరిక. ఎట్లును పోవుచున్నాము గనుక సాలార్‌జంగ్ మ్యూజియము చూడవలెనని నా కోరిక. శుక్రవారము మ్యూజియమునకు సెలవు గనుక శనివారము బయలుదేరితిమి.

2023 డిసెంబరు నుండి ఆడవారికి బస్సులో టిక్కెట్టు లేదు. ముగ్గురిలో నేనొక్కడనే డబ్బు చెల్లించితిని. "అయ్యగారూ, ఇంట్లో మీరొక్కరే ఖర్చు" అని కండక్టరు నవ్వెను. ఫ్యాక్టరీల ఘాటు వాసన చాలదూరము మమ్మును సాగనంపినది. మా అమ్మాయి అట్టి ఫ్యాక్టరీ ఒకదానిలోనే, మందులను పరీక్షించు ల్యాబులో పనిచేయుచున్నది. ఆ వాసన ఆమెకు తెలియనే తెలియదట!

బాలానగరులో బస్సు మారి అఫ్జల్‌గంజ్‌లో దిగి, మూసీ వంతెన దాటి మ్యూజియము చేరితిమి. గంట కొట్టు గడియారము ముందు జనులు నేలపై కూర్చుండి కాచుకొనియుండిరి. చిన్న బొమ్మ ఒకటి తలుపు తీసికొని వచ్చి, గంట కొట్టి, లోపలికి పోయెను. పిల్లలకంటె నేనే ఎక్కువ సంతోషించితినని నా భార్య అన్నది.

పిమ్మట ముసుగు వేసికొనిన రిబ్కా యొద్దకు వచ్చితిమి. ఇటలీ శిల్పియైన బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొనెను. ముసుగు కూడ రాయియే. అయినను తడిసిన పలుచని బట్టవలె ముఖమునకు అంటుకొని, కన్నులు, పెదవులు దానిలోనుండి కనబడుచుండును. ఆదికాండము 24వ అధ్యాయముపై పెండ్లిండ్లలో ఎన్ని ప్రసంగములు చేసితినో లెక్కలేదు. కాబట్టి అచ్చటనే మరియొకటి ఆరంభించితిని: దాసుని ప్రార్థన, బావి, ఒంటెలకు నీళ్లు, ముక్కు కమ్మి, రెండు కడియములు.

అమ్మాయి నెమ్మదిగా వినుచుండి, "నాయనా, రిబ్కాను ఎవరైన అడిగిరా?" అనెను.

"అడిగిరి" అంటిని. నిజమే, మరునాటి ఉదయమున ఇంటివారు ఆమెను పిలిచి అడిగిరి. వెళ్లుదునని ఆమె ఇచ్చిన జవాబు హెబ్రీలో ఒకే మాట. ఆ ప్రశ్న వెంటనే ప్రయాణమగుటను గూర్చియే గాని పెండ్లిని గూర్చి కాదనువారు గలరు. సెమినరీలో మేమును దానిపై వాదించుకొంటిమి. కాని ఆమె నోరు తెరచువరకు ఒంటెలు కదలలేదు. ఇదంతయు చెప్పిన తరువాత నా నోరు మూతపడెను. ఏలయనగా, చదువరీ, నేను మా అమ్మాయిని అడిగియుండలేదు. వరుడు యోగ్యుడు, భక్తిగల కుటుంబము. ఆమె మౌనమును సమ్మతిగా ఎంచుకొంటిని.

పత్తర్‌గట్టి మీదుగా చార్మినారునకు నడచితిమి. 1591 నాటి ఆ కట్టడమును క్రిందనుండియే చూచితిమి. మెట్లెక్కుటకు నా మోకాళ్లు ఒప్పుకొనలేదు. లాడ్‌బజారులో ఒక ముసలాయన బొగ్గుల కుంపటిపై లక్కను మెత్తబరచి, గాజుగా చుట్టి, చల్లారకముందే మెరుపు రాళ్లు ఒక్కొక్కటిగా అద్దుచుండెను. ఆలస్యమైన రాయి అంటదట. నా భార్య ముప్పావుగంట బేరము చేసెను. అమ్మాయి చెయ్యి చాపినది గాని గాజులవైపు చూడలేదు. ఎరుపువో, పచ్చవో తల్లియే ఎంచెను.

తిరుగు బస్సులో నా భార్య నిద్రపోయెను. అప్పుడు అడిగితిని. ఇరువదియారు ఏండ్ల బిడ్డను ఒక ప్రశ్న అడుగుటకు తండ్రికి అంత భయమేల?

"అబ్బాయి మంచివాడే నాయనా" అనెను. "కాని పెండ్లయిన తరువాత ఉద్యోగము మానవలెనని వారన్నప్పుడు మీరు సరేనంటిరి. ఆ మాట నేను తలుపు వెనుకనుండి వింటిని."

నేనట్లు అన్నమాట నిజము. కాఫీ త్రాగుచు అంటిని.

సోమవారము పటాన్‌చెరు వెళ్లి వరుని తండ్రిని కలిసి, నా మాటను వెనుకకు తీసికొంటిని. ఆయన ముఖము చిన్నబుచ్చుకొనెను. వచ్చునప్పుడు కుమారుడు నాతో బస్‌స్టాండు వరకు నడచి, తానే వచ్చి ఆమెతో మాట్లాడెదనని చెప్పెను. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వచ్చును. నా భార్య వంటకు ఏమి చేయవలెనని ఇప్పటికి నాలుగుసార్లు అడిగినది. గాజుల పెట్టె బీరువాలో ఉన్నది. ఇంకను ఎవరును విప్పలేదు.