కాలనీ అనే చిరునామా

30 ఏప్రిల్ 2025, బుధవారం

అక్షయ తృతీయ. పంజాగుట్ట నగల కొట్ల ముందు కార్లు రెండు వరుసల్లో ఆగి ఉన్నాయి. పాల కోసం వెళ్లినదాన్ని ఎండెక్కాక ఇల్లు చేరాను. అప్పుడు గానీ పేపరు విప్పలేదు.

నిన్న తమిళనాడు శాసనసభలో ముఖ్యమంత్రి స్టాలిన్ ఒక ప్రకటన చేశారట. ‘కాలనీ’ అన్న మాటను ప్రభుత్వ రికార్డుల్లోంచి తీసేస్తారు. అది పెత్తనానికీ అంటరానితనానికీ గుర్తుగా మారిందని, తిట్టుగా వాడుతున్నారని ఆయన చెప్పిన కారణం. పోయిన ఏడాది జూన్‌లో కేరళ ఇదే పని చేసింది. మంత్రి కె. రాధాకృష్ణన్ లోక్‌సభకు గెలిచి రాజీనామా చేస్తూ, చివరగా సంతకం పెట్టింది ఈ ఉత్తర్వు మీదే. ఎస్సీ, ఎస్టీ నివాసాలను ఇకపై కాలనీ అనకూడదు, నగర్ అనో ఉన్నతి అనో ప్రకృతి అనో పిలవాలి, లేదా అక్కడి వాళ్లే పేరు పెట్టుకోవాలి అని.

మా కరెంటు బిల్లు మీద, ఆధార్ మీద, శుభలేఖల మీద ‘శ్రీనగర్ కాలనీ’ అని ఉంటుంది. పెళ్లి సంబంధాలు మాట్లాడేవాళ్లు ‘శ్రీనగర్ కాలనీలో సొంత ఫ్లాటు’ అని ముందే చెప్తారు, ఆ ఒక్క ముక్కతో అవతలివాళ్లు కూర్చునే తీరు మారుతుంది. గుంటూరు జిల్లాలో మా ఊళ్లో ‘వాళ్లది కాలనీ’ అంటారు. అది కూడా పెళ్లి మాటల్లోనే ఎక్కువ వినపడుతుంది. అక్కడ కులం ఏమిటని ఇక ఎవరూ అడగరు, ఆ మాటతోనే తెలిసిపోతుంది.

ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. ఈ ఒక్క మాటకు ఎన్ని అర్థాలున్నాయో కూర్చుని రాసుకోవాలని ఇవాళ అనిపించింది.

1 మే, గురువారం

మూలం లాటిన్. ‘కొలెరె’ అంటే దున్నడం, సాగుచేయడం, ఒకచోట కాపురం ఉండటం, దేవుణ్ణి కొలవడం కూడా. దున్నేవాడు కొలోనస్. అతను కొత్త నేల మీద స్థిరపడితే అది కొలోనియా. రోమన్లు సైన్యంలో కాలం తీరిన సిపాయిలకు గెలిచిన దేశంలో పొలాలిచ్చి ఊళ్లు కట్టించేవాళ్లు, వాటికా పేరు. ఇంగ్లీషులోకి పద్నాలుగో శతాబ్దం చివర వచ్చినప్పుడు కూడా దాని అర్థం రోమన్ల ఊళ్లే. కల్చర్, అగ్రికల్చర్, కల్ట్ దీని తోబుట్టువులు. ఇంకా వెనక్కి వెళ్తే మన ‘చరించు’, ‘చక్రం’ కూడా ఇదే వేరు నుంచి మొలిచాయని భాషా శాస్త్రవేత్తలు చెప్తారు. నేల మీద తిరగడం, తిరిగిన చోట నిలిచిపోవడం.

ఈ తొలి అర్థానికి సరిగ్గా సరిపోయే తెలుగువాళ్లు ఎవరా అని ఆలోచిస్తే నిజామాబాద్ వైపు వెళ్లిన కోస్తా రైతులు గుర్తొచ్చారు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యాక కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి బోధన్, వర్ని చుట్టుపక్కలకి కుటుంబాలు కదిలాయి. తుంగభద్ర కాలువలు పారాక అలాంటి రైతులే కర్ణాటకలో సింధనూరు, గంగావతి వైపు వెళ్లారు. ముళ్లకంపలు కొట్టి, మడులు చదును చేసి, వరి నాటారు. అచ్చంగా కొలోనియా అంటే ఇదే. కానీ వాటినెవరూ కాలనీలు అనలేదు. ఇప్పటికీ అవి ‘క్యాంపులు’. బస్సు కండక్టరుకి క్యాంపు పేరు చెప్పే దిగుతారు. మూడో తరం వచ్చినా ఆ మాట పోలేదు. తాత్కాలికంగా గుడారం వేసుకున్నవాళ్లని చెప్పే మాట అది. నేలతో అంత పని చేసినవాళ్లకి అది తక్కువ మాట అని నా అభిప్రాయం.

ఇవాళ మే డే, కూలీల మాట కూడా రాయాలి. మన పాఠ్య పుస్తకాలు కలోనియల్ అన్నచోట ‘వలస పాలన’ అని రాశాయి. దేశాన్ని ఏలిన తెల్లదొర వలసవాది, పాలమూరు నుంచి సంచీ భుజాన వేసుకొచ్చి పొద్దున్నే అడ్డా మీద నిలబడే మనిషి వలస కూలీ. వలస పాత తెలుగు మాట. కరువొచ్చో దండొచ్చో ఊరు వదిలిపోవడం దాని అర్థం. దిక్కులేక వెళ్లినవాడి మాటను తుపాకీతో వచ్చినవాడికి అంటగట్టారు. నేనైతే ఆ తర్జుమా ఒప్పుకోను.

3 మే, శనివారం

జర్మనీలో కొలోన్ నగరం క్రీ.శ. 50లో రోమన్ల కొలోనియా అయింది. అసలు పేరు పెద్దది, జనం నోట్లో చివరికి ఆ ఒక్క ముక్కే మిగిలింది. ఆ ఊరి అత్తరు నీళ్లే మన ఇళ్లలో యూడికొలోన్. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ తడిగుడ్డ మీద నాలుగు చుక్కలు పోసి నుదుటి మీద వేసేది. ఇంగ్లండులో లింకన్ పట్నం పేరు చివర ఉన్నదీ కొలోనియానే. ఆ పట్నం పేరు ఒక ఇంటిపేరై సముద్రం దాటింది. బానిసలకు విముక్తి ప్రకటించిన అమెరికా అధ్యక్షుడి ఇంటిపేరులో ఈ మాట ఉంది.

5 మే, సోమవారం

ఎండ ఎక్కకముందే మా కాలనీలోని నిగమాగమం నుంచి ఎల్లారెడ్డిగూడ మీదుగా అమీర్‌పేట దాకా నడిచాను. దారిలో కనబడే బోర్డుల్లోనే హైదరాబాద్ చరిత్ర ఉంది. గూడ, పేట, గుట్ట ముందు వచ్చాయి. ఎల్లారెడ్డిగూడ, సోమాజిగూడ, యూసుఫ్‌గూడ, అమీర్‌పేట, బేగంపేట, పంజాగుట్ట. తర్వాతి మాటలు నగర్, కాలనీ, సొసైటీ. నవోదయ కాలనీ, కమలాపురి కాలనీ, సాగర్ సొసైటీ, సంజీవరెడ్డి నగర్, వెంగళరావు నగర్. గూడెం చుట్టూ కాలనీలు లేచాక గూడెం లోపలి సందుగా మిగిలింది.

1908 మూసీ వరద తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఇరుకు మొహల్లాలు కొట్టేసి, వెడల్పు వీధులు వేసి, వరసగా ఇళ్లు కట్టింది. ప్లాను గీసి, ప్లాట్లు కోసి, ఒకేలాంటి జీతగాళ్లను ఒకచోట చేర్చే పద్ధతి నగరానికి అలా అలవాటైంది. 1956 నవంబరు 1 తర్వాత రాజధాని ఉద్యోగులు కర్నూలు నుంచి వచ్చి పడ్డారు. ఏజీ కాలనీ, రైల్వే కాలనీ, బ్యాంక్ కాలనీ, ఎన్జీవోస్ కాలనీ, జర్నలిస్ట్ కాలనీ. ఉద్యోగం పేరే వీధి పేరు. ఈ కాలనీకి సెక్రటరీ ఉంటాడు, పార్కు ఉంటుంది, ఆదివారం మీటింగు ఉంటుంది.

పక్కనే బస్తీ. ఉర్దూలో బస్తీ అంటే మనుషులు నివసించే చోటు, అంతే. దిల్లీ నిజాముద్దీన్ దర్గా చుట్టూ ఉన్నదీ బస్తీయే. హైదరాబాద్‌లో మాత్రం కార్పొరేటర్ల కరపత్రాల్లో ‘బస్తీలు, కాలనీలు’ అని రెండూ విడివిడిగా వస్తాయి. కాలనీవాసులు వినతిపత్రం ఇస్తారు, బస్తీవాసులు బిందెలతో రోడ్డెక్కుతారు. పేపరు భాష ఇలాగే ఉంటుంది. మా అపార్టుమెంట్లో నాలుగిళ్లలో పనిచేసే ఆమె బస్తీ నుంచి వస్తుంది. ‘అమ్మా, నేను కాలనీకి పోతున్న అని చెప్తే మా పిల్లలకి పనికి పోతున్న అని అర్థం’ అంది ఒకసారి. నిఘంటువు తయారుచేసేవాళ్లు ఈ అర్థం కూడా రాసుకోవాలి.

18 మే, ఆదివారం

చెల్లెలి కూతురు వచ్చింది. మందుల కంపెనీలో మైక్రోబయాలజీ పని. ‘పెద్దమ్మా, నిన్న రెండు ప్లేట్లలో కాలనీలు వచ్చాయి, రాత్రి తొమ్మిదింటి దాకా ల్యాబ్‌లోనే ఉన్నాను’ అంది. గాజు పళ్లెంలో అగర్ పోసి, నమూనా పూసి, వెచ్చని పెట్టెలో రెండ్రోజులు ఉంచితే, కంటికి కనపడని ఒక్క బాక్టీరియా కణం పెరిగి పెరిగి చుక్కంత అవుతుంది. ఆ చుక్క కాలనీ. చుక్కలు లెక్కపెడితే మొదట ఎన్ని కణాలున్నాయో అంచనా తెలుస్తుంది. పరిమితి దాటితే ఆ బ్యాచ్ ఆపేయాల్సిందే. తన లెక్కలో కాలనీ అనేది లేకపోవడమే మేలు. తేనెటీగలు పెంచేవాళ్లకేమో అది ఉండటమే మేలు, రాణితో సహా పెట్టెడు ఈగలు కలిస్తేనే ఒక కాలనీ.

25 మే, ఆదివారం

రాజ్యాల అర్థం మిగిలింది. బ్రిటిష్ వాళ్లు ఇండియాను కాలనీల ఆఫీసు కింద పెట్టలేదు. 1858 నుంచి మనకి వేరే మంత్రి, వేరే ఇండియా ఆఫీసు. సిలోన్ మాత్రం కాలనీల ఆఫీసు కింద ఉండేది. ఆ తేడా వాళ్ల కాగితాల్లోనే, పన్ను కట్టే రైతుకి కాదు. తెలుగు నేల మీద తిన్నగా కాలనీ అనదగ్గ చోటు గౌతమి ఒడ్డున యానాం. 1954 దాకా అది ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉంది.

తెలుగువాళ్లు మాత్రం కాలనీలకు వెళ్లారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నాటల్ కాలనీ చెరకు తోటలకు కూలీలను దింపిన తొలి ఓడ అది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా వెళ్లారు, వాళ్లలో మనవాళ్లు చాలామంది. అక్కడే పుట్టిన పిల్లలకు ప్రభుత్వం, పత్రికలు ‘కలోనియల్ బార్న్’ అని పేరు పెట్టాయి, ఆ పేరుతోనే వాళ్లు సంఘం కూడా పెట్టుకున్నారు. పుట్టిన నేల మీద హక్కు అడగడానికి ఆ మాటే ఆధారమైంది. 1931లో అక్కడి తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ కట్టుకున్నారు. తోటలో కూలి బారకుల నుంచి భాష పోకుండా కాపాడుకోవడం దాకా వచ్చిన వాళ్లంటే నాకు గౌరవం.

17 జూలై, గురువారం

కారంచేడు ఊచకోతకి ఇవాళ నలభై ఏళ్లు.

1985 జూలై 17. ముందురోజు తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ. మర్నాటికల్లా ఊరి పెత్తందార్లు మాదిగపల్లె మీద పడి, పొలాలకు అడ్డంపడి పరిగెత్తినవాళ్లను వెంటాడి నరికారు. ఆరుగురు చనిపోయారు. మిగిలినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు వాళ్ల పక్కన నిలబడ్డారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. బాధితులు మళ్లీ ఆ ఊరికి వెళ్లలేదు, చీరాలలో వాళ్లకి ఇళ్లు కట్టారు. ఆ చోటు పేరు విజయనగర్ కాలనీ.

హైదరాబాద్‌లో మాసాబ్‌ట్యాంక్ పక్కన కూడా ఒక విజయనగర్ కాలనీ ఉంది. ఆఫీసర్లు, డాక్టర్లు కాపురమున్న పాత కాలనీ. నేను ఏప్రిల్ నుంచి రాసుకుంటున్నదంతా ఈ రెండు చిరునామాల మధ్యనే ఉంది.

పల్లెల్లో ఈ మాట ఎలా దిగిందో నాకు గుర్తుంది. మా చిన్నతనంలో ఊరు, పల్లె అని రెండుండేవి. పల్లె అంటే మాలపల్లె, మాదిగపల్లె. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ నవల వస్తే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది, అంత వేడి ఉంది ఆ పేరులో. ఏటా వేసవిలో తాటాకు గుడిసెలు తగలబడేవి. 1977 దివిసీమ ఉప్పెన, 1979లో గృహ నిర్మాణ సంస్థ, ఆ తర్వాత పక్కా ఇళ్ల పథకాలు. స్లాబు ఇళ్లు లేచిన చోటుకి కాలనీ అని పేరొచ్చింది. అప్పుడది మర్యాద. నాతో చదువుకున్న పిల్ల ‘మాది ఇప్పుడు పల్లె కాదు, కాలనీ’ అని గర్వంగా చెప్పింది. తన నోట్లో అప్పుడు కులం పేరు లేదు, పట్నంలో ఇళ్లుండే చోటికి పెట్టే పేరు ఉంది. పదేళ్లు తిరక్కుండానే ఊరు ఆ మాటకి ముందు ‘ఎస్సీ’ తగిలించింది, తర్వాత అది కూడా అక్కర్లేక ఉత్త ‘కాలనీ’ చాలింది.

ఎందుకు చాలిందంటే, చోటు మారలేదు. ప్రభుత్వం కొన్న స్థలం మళ్లీ కాలువ అవతలే, ఊరి మురుగు పారే పల్లంలోనే. లేఅవుట్ ఒకే కులానికి. హరిజనవాడ పోయి అరుంధతి నగర్ వచ్చినా, రేపు కాలనీ పోయి ఉన్నతి వచ్చినా, కొలత ఆ కాలువే అయినన్నాళ్లు ప్రతి కొత్త పేరుకీ అదే అర్థం పడుతుంది. అయినా తమిళనాడు, కేరళ చేసింది మంచి పనే. ప్రభుత్వమే రాతపూర్వకంగా ఇచ్చిన గుర్తును ప్రభుత్వమే తుడవాలి. స్కూలు రిజిస్టరులో, ఓటర్ల జాబితాలో, బస్టాపు బోర్డు మీద పిల్లల కులం కనపడకూడదు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కూడా ఆ మాట తీసేయాలి. కొత్త పేరు సచివాలయంలో కాదు, అక్కడ కాపురమున్నవాళ్లే పెట్టుకోవాలి. దాంతోపాటు ఇళ్ల స్థలాలు కులానికొక లేఅవుట్‌గా ఇవ్వడం ఆపి, ఊరి నడిమధ్య అన్ని కులాలవాళ్లకూ పక్కపక్కన పట్టాలివ్వాలి. చదివేవాళ్లు సర్పంచులైనా, ఎమ్మార్వోలైనా, మామూలు మనుషులైనా, మీ ఊరి రికార్డులో ఆ చోటుని ఏమని రాశారో ఒకసారి వెళ్లి చూడండి, మార్చమని అర్జీ పెట్టండి.