నెకార్ తీరాన ఆదివారం

విదేశాలలో చదువుకొని వచ్చినవారిని మనవారు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. చలి ఎంత? ఖర్చు ఎంత? అన్నం దొరుకుతుందా? తరగతులు ఎలా జరుగుతాయని కూడా కొందరు అడుగుతారు. శని, ఆదివారాలు ఎలా గడిచేవని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి పరదేశంలో విద్యార్థి పరీక్షకు నిలిచేది ఆ రెండు దినాలలోనే. తక్కిన ఐదు దినాలనూ పాఠాలు, ప్రయాణాలు, ప్రయోగశాలలు పంచుకుంటాయి. మనసుకు తీరిక ఉండదు. ఆదివారం ఉదయాన కిటికీ తెరచి చూడగా వీధిలో ఒక్క మనిషీ కానరానప్పుడు, తాను ఎక్కడినుండి వచ్చాడో, ఎవరి కష్టార్జితంతో వచ్చాడో అతనికి తెలిసివస్తుంది. ఈ కళాశాలలో చదువుకొన్నవాడిగా, ముందుముందు ఆ దారిన వెళ్ళబోయే సోదరీసోదరుల కోసం అట్టి ఆదివారాలను గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను 2024 అక్టోబరులో చేరిన హైడెల్బెర్గ్ విశ్వవిద్యాలయం 1386లో స్థాపితమైనది. నేటి జర్మనీలో అంతకన్న ప్రాచీనమైన విశ్వవిద్యాలయం లేదు. ఇరుప్రక్కల కొండలు, నడుమ నెకార్ నది, దక్షిణపు కొండవాలున ఎర్రరాతి కోట. ఆ కోటను ఫ్రెంచి సేనలు 1689లో ఒకసారి, 1693లో మరొకసారి ధ్వంసం చేశాయి. 1764లో పిడుగు పడి మిగిలినదీ కాలిపోయింది. కొంత భాగాన్ని తప్ప దానిని తిరిగి కట్టలేదు. పైగా ఏటా వేసవిలో మూడు శనివారాల రాత్రి కోటకు ఎర్రని దీపాలు పెట్టి, మళ్ళీ మంటలలో కాలుతున్నట్లు చూపించి, ఆ పిమ్మట బాణసంచా కాలుస్తారు. జనం వంతెన మీద, నది ఒడ్డున కిక్కిరిసి నిలబడతారు. మన గోలకొండ పడిపోయింది 1687లో. ఈ కోట కాలడానికి రెండేళ్ళు ముందు. తమ కోట కాలిపోవడాన్ని పండుగగా జరుపుకొనే జనాన్ని చూసి మొదట నవ్వుకొన్నాను గాని, ఆలోచించగా అది జ్ఞాపకం ఉంచుకోవడానికి చెడ్డ ఉపాయమేమీ కాదనిపించింది.

ఇక డబ్బు సంగతి. జర్మనీలో చదువు ఉచితమని మనవైపు ఒక మాట ప్రచారంలో ఉన్నది. చాలా రాష్ట్రాలలో అది ఇంచుమించు నిజమే. కాని హైడెల్బెర్గ్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థులనుండి 2017 శీతకాలపు సెమిస్టరు మొదలు ఒక్కొక్క సెమిస్టరుకు 1,500 యూరోల రుసుము వసూలు చేస్తున్నారు. అదిగాక, వీసా రావాలంటే ఒక ఏడాది జీవనానికి సరిపడు సొమ్మును ముందుగానే బ్యాంకు ఖాతాలో జమచేసి చూపాలి. నేను వెళ్ళేనాటికి ఆ మొత్తం 11,904 యూరోలు. మన రూపాయలలో పది లక్షలు దాటిన మాట. మా తండ్రిగారు కర్నూలు పాతబస్తీలో దర్జీ. ఆ పది లక్షలకు బదులుగా మా ఇంటి కాగితాలు బ్యాంకుకు చేరాయి. ఆ సొమ్ము నెలకు 992 యూరోల చొప్పున నా చేతికి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ మా ఇంటి గోడలోనుండి కొన్ని ఇటుకలు తీసి నా చేతికిచ్చినట్లు ఉండేది.

అందుచేత శనివారాలు పనికి పోయేవాడిని. ఏడాదికి 140 పూర్తి దినాల వరకు విద్యార్థులు పని చేసుకొనవచ్చునని అక్కడి చట్టం. పాత ఊరిలోని ఒక భోజనశాలలో గిన్నెలు కడిగే పని దొరికింది. 2025లో కనీస వేతనం గంటకు 12.82 యూరోలు, ఐదు గంటలు నిలబడితే 64 యూరోలు. ఆ మొత్తాన్ని చొక్కాల కుట్టుకూలిగా మార్చి లెక్కవేయడం నాకు అలవాటైపోయింది. ఆ లెక్కలో నేను మా తండ్రిగారికన్న ఎన్నోరెట్లు గొప్ప సంపాదనపరుణ్ణి. అది నాకు గర్వకారణం కాలేదు.

పని ముగించి దుకాణానికి పరుగెత్తాలి. మరునాడు ఊరంతా మూతపడుతుంది గనుక శనివారం సాయంత్రం అక్కడి అంగళ్ళు మన రంజాను నెల చివరి రాత్రివలె ఉంటాయి. వాకిట ఒక యంత్రం ఉంటుంది. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు అందులో వేస్తే ఒక్కొక్కదానికి 25 సెంట్లు తిరిగి వస్తాయి. కొన్ననాడు మన దగ్గర తీసుకొన్న బయానాయే అది. ఆ యంత్రం ముందు నాతోబాటు నిలబడేవారిలో సంచులనిండా సీసాలు మోసుకొని వచ్చిన వృద్ధులు ఉండేవారు. విద్యార్థులు నది ఒడ్డు పచ్చికలో తాగి వదలివేసిన సీసాలను వారు ఏరుకొని వస్తారు. అది తెలిసిన కొందరు యువకులు సీసాలను చెత్తబుట్టలో వేయక దాని ప్రక్కన వరుసగా నిలిపి వెళతారు. సంపన్న దేశమని మనం అనుకొనే చోట ఆ మర్యాదా చూశాను, ఆ అవసరమూ చూశాను.

ఆదివారపు విశ్రాంతి అక్కడ కేవలం ఆచారం కాదు, రాజ్యాంగ విషయం. ఆదివారాన్ని పనినుండి విరామానికి, ఆత్మోన్నతికి కేటాయించిన దినంగా కాపాడాలని 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో ఒక అధికరణం ఉన్నది. 1949లో మూలశాసనం రాసుకొన్నప్పుడు దానిని ఉన్నదున్నట్లుగా అందులో చేర్చుకొన్నారు. కనుక అంగళ్ళు తెరవరు. రొట్టెల దుకాణాలు ఉదయం కొన్ని గంటలు తెరుస్తారు, ట్రాములు తిరుగుతాయి, అంతే. గోడకు మేకు కొట్టరాదు, పచ్చిక కోసే యంత్రం నడపరాదు. గాజు సీసాలను వీధి తొట్టిలో వేసినా ఆ చప్పుడుకు ఇరుగుపొరుగువారు నొచ్చుకొంటారు. ఉదయం చర్చి గంటలు మ్రోగి ఆగిన తరువాత ఆవరించే నిశ్శబ్దం ఉన్నదే, అది చెవులలో హోరుమంటుంది.

మా ఇంట ఆదివారమంటే కుట్టుమిషను చప్పుడు. ఉద్యోగస్తులకు తీరిక దొరికేది ఆనాడే గనుక కొలతలిచ్చేవారు, బట్టలు పట్టుకుపోయేవారు అందరూ ఆనాడే వస్తారు. ఆ చప్పుడులోనే చదువుకొన్నాను, ఆ చప్పుడులోనే నిద్రపోయాను. హైడెల్బెర్గ్‌లో మొదటి నెలలలో ఆదివారాలు నిద్ర పట్టకపోవడానికి కారణం చలి అని అనుకొనేవాడిని. కారణం అది కాదు.

ఆదివారం అక్కడ మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మన దేశంలో వేసవిలో మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. ఆ వేళకు అమ్మీ ఫోను చేసేది. ఏం వండుకొన్నావు, దగ్గు తగ్గిందా, చెల్లెలి పరీక్షలు ఎలా జరిగాయి - ఇట్టి మాటలన్నీ ఆమెవే. వెనుకనుండి మిషను వినబడుతూ ఉండేది. చివరకు ఫోను మా తండ్రిగారి చేతికి వెళ్ళేది. “డబ్బు సరిపోతున్నదా బేటా?” “సరిపోతున్నది అబ్బా.” “మంచిది.” అంతటితో మిషను మళ్ళీ మొదలయ్యేది. మా ఇద్దరి మధ్య ఏడెనిమిది నెలలపాటు నడిచిన సంభాషణ యావత్తూ ఇదే. దోషం ఎవరిదీ కాదు. ఇల్లు తాకట్టులో ఉండగా తండ్రీకొడుకుల నడుమ ఎన్ని మాటలున్నా ముందు నోటికి వచ్చేది ఆ ఒక్కటే.

2025 జూను నెలలో ఒక ఆదివారం ఆయన ఆ ప్రశ్న అడగలేదు. “ఇక్బాల్ సాహెబ్ ఉన్న ఊరు మీ ఊరేనట గదా, ఆ ఇల్లు చూశావా?” అన్నారు. వెనుక మిషను ఆగి ఉన్నది.

ఆ ఇల్లు నేను రోజూ దాటిపోయే ఇల్లే. నెకార్ ఉత్తరపు ఒడ్డున, నోయెన్‌హైమ్ అనే పేటలో, నదికి ఎదురుగా ఉన్నది. 1907లో ఇక్బాల్ ఇక్కడ నివసించాడని గోడకు ఫలకం అమర్చారు. నది ఒడ్డున కొంతభాగానికి ఆయన పేరే పెట్టారు. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం పారశీక తత్త్వచింతనపై సిద్ధాంతవ్యాసం సమర్పించదలచిన ఇక్బాల్, జర్మను భాష నేర్చుకొనడానికి ఆ ఏడు హైడెల్బెర్గ్ వచ్చాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు నిండలేదు. భాష నేర్పిన ఎమ్మా వేగెనాస్ట్ అనే యువతికి స్వదేశం చేరిన తరువాత కూడా ఎన్నో ఏళ్ళు ఉత్తరాలు రాశాడు. ఆ రోజులలోనే నెకార్ ఒడ్డున ఒక సాయంకాలాన్ని గురించి చిన్న కవిత చెప్పాడు. ‘ఏక్ షామ్’ అని దాని పేరు. 1924లో వెలువడిన ‘బాంగ్-ఎ-దరా’లో ఉన్నది.

మా తండ్రిగారు ఏడవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివారు. మా వీధికి దగ్గరగా ఉన్నది తెలుగు బడి గనుక నా చదువు తెలుగులో సాగింది. ఇంట మాట్లాడేది ఉర్దూయే. లిపి మాత్రం నాకు రాదు. ఆంధ్రదేశంలో మావంటి ఇళ్ళలో ఇది కొత్త సంగతి కాదు. హైడెల్బెర్గ్‌లో 1962లో నెలకొల్పిన దక్షిణాసియా అధ్యయన సంస్థ ఉన్నది. జర్మను విద్యార్థులు అక్కడ ఉర్దూ చదవను, రాయను నేర్చుకొంటారు. మరుసటి వారం అక్కడి గ్రంథాలయానికి వెళ్ళి ఆ పుస్తకం అడిగాను. తీసి ఇచ్చిన జర్మను విద్యార్థిని ఆ కవిత ఉన్న పుటను వెదకి పెట్టింది కూడా. ఆమె చదవగలిగిన దానిని నేను చిత్రంగా చూస్తూ నిలబడ్డాను.

ఆ ఆదివారం నది ఒడ్డున బల్లమీద కూర్చొని పుటను ఫోటో తీసి ఇంటికి పంపాను. వెంటనే మా తండ్రిగారే ఫోను చేశారు. ఫోటో తెరచి చూశారో లేదో తెలియదు. కళ్ళజోడు వెదుకుతున్న అలికిడి మాత్రం వినబడలేదు. ఏడు ద్విపదలూ ఆగకుండా చదివారు. వెన్నెల, చెట్లకొమ్మలు, లోయలోని పక్షులు, కొండలు, చివరకు నది నడక - ఒక్కొక్కటే నిశ్శబ్దంలోకి జారిపోతాయి ఆ కవితలో. తుదకు కవి తన హృదయాన్ని కూడా ఊరుకొమ్మంటాడు. నా ఎదుట అదే నది, అవే కొండలు. వెన్నెల మాత్రం లేదు, మిట్టమధ్యాహ్నం.

చదవడం ముగించి, “అక్కడ నిజంగా అంత నిశ్శబ్దంగా ఉంటుందా?” అని అడిగారు.

“ఆదివారాలు ఉంటుంది అబ్బా.”

“అయితే ఆయన ఆదివారమే రాసి ఉంటాడు.”

ఆయన హాస్యమాడడం నేను అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో వేళ్ళమీద లెక్కించవచ్చును. నది ఎంత వెడల్పు ఉంటుంది, మన తుంగభద్ర అంత ఉంటుందా, అని అడిగారు. అందులో సగం కూడా ఉండదన్నాను. కాసేపు మాట్లాడలేదు. “అంత చిన్న నది మీదనా!” అన్నారు. తుంగభద్రను గురించి ఎవరూ అటువంటిది రాయలేదేమని ఆయన మనసులో కష్టంగా తోచినట్లుంది. ఆనాడు మేము నలభై నిమిషాలు మాట్లాడుకొన్నాము. బడిలో ఆ కవిత నేర్పిన ఉపాధ్యాయుని గురించి చెప్పారు. తాను ఎనిమిదవ తరగతికి ఎందుకు వెళ్ళలేకపోయారో చెప్పారు. కారణం డబ్బే. నాకు అది అంతవరకు తెలియదు.

తరువాతి శుక్రవారం ఇంటినుండి ఒక ఫోటో వచ్చింది. కత్తిరించగా మిగిలిన నల్లగుడ్డ ముక్క. దానిమీద బట్టలకు గుర్తులు పెట్టే సుద్దతో అలిఫ్, బే, పే, తే - నాలుగు అక్షరాలు, బెత్తెడేసి ఎత్తున, కుట్టు వేయడానికి గీసిన గీతలంత నిశ్చలంగా. క్రింద తెలుగులో చెల్లెలి చేతిరాత: “ఈ వారానికి ఇవి చాలునన్నారు. ఆదివారం అప్పజెప్పాలట.”