కొత్త కుర్రాళ్లా, పాతకాపులా?

జగదల్‌పూర్‌లో పొద్దున్నే టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్‌లో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ చూడటం నా జబ్బు. అమెరికాలో రాత్రి ఆట, మనకది పొద్దుటి పూట కాలక్షేపం.

కొత్తవాళ్ల మజా వేరు, కాదనను. ఏడడుగులు దాటిన వెంబన్యామా 2023లో దిగినప్పుడు, మరుక్షణం ఏం చేస్తాడో అతనికే తెలియదనిపించేది. అయినా నా ఓటు పాతకాపులకే. 2024 అక్టోబర్ 23న, మన లెక్కలో పొద్దున ఏడున్నర ఆటలో, లెబ్రాన్ జేమ్స్, కొడుకు బ్రానీ ఒకే జట్టుగా కోర్టులోకి వచ్చారు. ఎన్‌బీఏలో తండ్రీకొడుకులు కలిసి ఆడటం అదే మొదలు. తండ్రికి 39, కొడుక్కి 20. కుర్రాడు ఒక్క పాయింటూ చేయలేదు పాపం. నేను మాత్రం పెద్దాయన కాళ్లే చూస్తూ కూర్చున్నా. కుర్రాళ్లు పరిగెత్తి చేరే చోటికి ఆయన నడిచి చేరతాడు, అదీ బంతి కంటే ముందే.

ఆ డిసెంబర్‌లోనే మా ఊళ్లో తొలి బస్తర్ ఒలింపిక్స్ ముగింపు పోటీలు జరిగాయి. లొంగిపోయిన మావోయిస్టులూ ఆడారు. వాళ్లని కొత్తవాళ్లనాలో పాతకాపులనాలో నాకింకా తేలలేదు. మీరేమంటారు?