హెరున్ గారి ఊళ్ళో ఇంగ్లీషు మాస్టారు

ఒకాయామాలో షింకాన్‌సెన్ దిగి 'యాకుమో' ఎక్స్‌ప్రెస్ ఎక్కాక జపాన్ వేరే దేశంలా కనిపించడం మొదలవుతుంది. తోక్యో నుంచి మూడు గంటలపైగా కిటికీ నిండా సాగిన ఫ్యాక్టరీలు, అపార్టుమెంట్లు మాయమై చుగోకు కొండలు దగ్గరకొస్తాయి. ఏటి పక్కనే వంపులు తిరుగుతూ, ప్రతి వంపుకీ కాస్త ఒరుగుతూ పోతుందా రైలు. కడుపులో తిప్పే స్వభావం ఉంటే పుస్తకం మూసేసి కొండల్ని చూడటమే మంచిది. రెండున్నర గంటల తర్వాత మత్సుయే. జపాన్ సముద్రం వైపున్న షిమానే ప్రాంతానికి ముఖ్యపట్టణం. షింజీ సరస్సు ఒడ్డున, 1611లో కట్టిన నల్లటి కోట చుట్టూ అల్లుకున్న ఊరు. నేను దిగినప్పుడు వాన పడుతోంది. అక్కడదేం వింత కాదు. అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు అన్నది ఆ సీమ సామెత.

నేను వెళ్ళింది చుట్టపుచూపుగా కాదు, పాఠాలు చెప్పడానికి. ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే ప్రైవేటు బళ్ళను జపాన్‌లో 'ఎయికైవా' అంటారు. చాలా ఊళ్ళలో రైల్వేస్టేషను దగ్గర ఒకటైనా ఉంటుంది. మాది ఒక మేడ మీద, నాలుగు చిన్న గదులు. పని మధ్యాహ్నం మొదలై రాత్రి తొమ్మిదికి ముగిసేది. ముందు గృహిణులు, బడి విడిచాక పిల్లలు, చీకటి పడ్డాక టై వదులు చేసుకుంటూ ఆఫీసు ఉద్యోగులు. ఉద్యోగులకి టోయిక్ మార్కులు కావాలి. 1979లో జపాన్‌లోనే మొదలైన పరీక్ష అది, 990 మార్కులకి. ప్రమోషన్‌కి ఇన్ని రావాలని కంపెనీ గీత గీస్తుంది. పిల్లలది 1963 నుంచీ నడుస్తున్న ఎయికెన్ పరీక్ష. 2020 ఏప్రిల్ నుంచి అయిదు, ఆరు తరగతుల్లో ఇంగ్లీషు మార్కులేసే సబ్జెక్టు అయింది. తల్లిదండ్రుల హడావుడి ఇంకా పెరిగింది.

ఈ ఉద్యోగం దొరకడానికి ముందు పెద్ద నగరాల బళ్ళు నన్ను మర్యాదగానే కాదన్నాయి. ప్రకటనల్లో 'నేటివ్ టీచర్' అని ఉంటుంది. నా పాస్‌పోర్టు చూశాక, నా ఇంగ్లీషు వినకుండానే వందనాలు చెప్పేశారు. మత్సుయేలో మా బడి యజమానురాలు మాత్రం, "మా ఊరు ఇంగ్లీషు మాస్టారంటే తలుచుకునేది హెరున్ గారినే. ఆయన ఇంగ్లండులో పుట్టినవారు కాదుగా!" అన్నారు.

హెరున్ గారంటే లాఫ్కాడియో హెర్న్. గ్రీకు ద్వీపం లెఫ్కాదాలో పుట్టాడు. తల్లి గ్రీకు, తండ్రి ఐరిష్. అమెరికాలో పత్రికా రచన చేసి 1890లో మత్సుయే మిడిల్ స్కూలుకి ఇంగ్లీషు మాస్టారుగా వచ్చాడు. ఉద్యోగ పత్రంలో ఆయన పేరు 'హెరున్' అని పడింది. ఊరికి ఆ పేరే నచ్చింది, నేటికీ అదే పేరు. ఇక్కడి కోయిజుమి సెత్సును పెళ్ళాడి, జపాన్ పౌరుడై కోయిజుమి యాకుమో అనే పేరు పెట్టుకున్నాడు. ఆమె చెప్పిన దయ్యాల కథలు 1904లో 'క్వైదాన్'గా ఇంగ్లీషులో వచ్చాయి. కోట కందకం పక్కనున్న ఆయన మ్యూజియంలో నన్ను నిలబెట్టేసింది ఒక బల్ల. చిన్నతనంలోనే ఒక కన్ను పోయింది, రెండోది కూడా అంతంతమాత్రం. అందుకని కాగితం కంటికి దగ్గరయ్యేలా అంత ఎత్తున చేయించుకున్నాడు. భార్యాభర్తలు మాట్లాడుకున్నది విభక్తులూ వ్యాకరణమూ గాలికి వదిలేసిన జపనీస్‌లో. అచ్చం మా క్లాసులో వాళ్ళు మాట్లాడే ఇంగ్లీషే!

ఒక సాయంత్రం బ్యాంకు ఉద్యోగిని ఒకామె పట్టుబట్టింది. "సెన్సేయి (మాస్టారూ), పియానోకి 'ది' పెట్టాలి, టెన్నిస్‌కి పెట్టకూడదు. ఎందుకు?" పక్క గదిలోని అమెరికన్ సహోద్యోగిని అడిగితే భుజాలెగరేసి, "అలాగే అంటాం మరి" అన్నాడు. తప్పేం లేదు, అతను నేర్చుకోనేలేదు, అతనికి వచ్చేసిందంతే. నేను ఆరో తరగతిలో ఏబీసీడీలు దిద్దినవాణ్ణి. వాద్యాలకి 'ది', ఆటలకి లేదు అని జిల్లా పరిషత్ హైస్కూల్లో మా మాస్టారు బెత్తం ఆడిస్తూ వల్లె వేయించారు. ఆర్టికల్స్ తెలుగులో లేవు, జపనీస్‌లోనూ లేవు. అయినా కథ చెప్పేటప్పుడు మనం ముందు 'ఒక రాజు' అంటాం, తర్వాత 'ఆ రాజు' అంటాం. వాళ్ళ కథల్లో కూడా ముసలాయన మొదటిసారి వచ్చినప్పుడు పేరు పక్కన 'గా' ఉంటుంది, రెండోసారి 'వా' అవుతుంది. ఈ రెండూ బోర్డు మీద రాసి కింద 'ఎ', 'ది' రాశాను. ఆమె చాలాసేపు బోర్డునే చూసి, అప్పటికప్పుడు సొంతంగా ఒక కథ మొదలుపెట్టింది. తప్పుల్లేకుండా.

మా విద్యార్థులు మాట్లాడలేనిది వ్యాకరణం రాక కాదు, మిడిల్ స్కూలూ హైస్కూలూ కలిపి ఆరేళ్ళు నూరిపోస్తారు. నోరు విప్పాలంటే భయం. అది మనకి తెలియని రోగమా?

రిటైరైన రైల్వే ఉద్యోగి ఒకాయన క్లాసులో మాట్లాడడమే అరుదు. ఓ ఆదివారం ఆయనే నన్ను ఇజుమో గుడికి తీసుకెళ్ళారు. సరస్సు ఒడ్డునే సాగే ఇచిబాతా రైలు, గంట ప్రయాణం. సైకిళ్ళతో సహా ఎక్కేస్తున్నారు జనం. చాలా గుళ్ళలో దండం పెట్టేటప్పుడు రెండు చప్పట్లు, ఇజుమోలో నాలుగు. పాత పంచాంగం ప్రకారం పదో నెలలో జపాన్ దేవుళ్ళందరూ ఇక్కడ సమావేశమై ఎవరికి ఎవరు ముడిపడాలో తేలుస్తారట. అందుకే దేశమంతటా అది దేవుళ్ళు లేని నెల, ఇజుమోలో దేవుళ్ళున్న నెల. మన దగ్గర పెళ్ళిళ్ళు స్వర్గంలో నిర్ణయమవుతాయి, వాళ్ళకి ఆ ఆఫీసు భూమ్మీదే ఉంది. ఇదంతా ఆయన నాకు ఇంగ్లీషులో చెప్పారు! మధ్యలో ఆగారు, తడబడ్డారు, జేబులోంచి చిన్న నిఘంటువు తీశారు, కానీ వదల్లేదు. నాలుగు గోడల మధ్య డబ్బు పుచ్చుకుని నేను చేయించలేని పని, తమ దేవుళ్ళ సంగతి చెప్పాలన్న ఉబలాటం చేయించింది. మర్నాటి నుంచి పాఠ్యపుస్తకంలోని లండన్ టాక్సీలను పక్కన పెట్టి షిజిమి గవ్వల పులుసు, వాన, మనవలు, వీటి మీదే మాట్లాడించాను. యజమానురాలు ముఖం చిట్లించారు, ఎందుకంటే పుస్తకాల అమ్మకం కూడా బడి ఆదాయంలో భాగం.

ఈ వ్యాపారం ఎంత పైకి లేస్తుందో అంతగానూ కూలుతుంది. అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద ఎయికైవా అయిన నోవా 2007 అక్టోబరులో చేతులెత్తేసినప్పుడు వేలమంది విదేశీ టీచర్లకు జీతాలు ఆగిపోయాయి. కంపెనీ ఇచ్చిన ఇళ్ళలో ఉన్నవాళ్ళకి నీడ కూడా పోయే స్థితి వచ్చింది.

తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు మాస్టార్లయినవాళ్ళు 'నేటివ్' అన్న మాట చూసి దరఖాస్తు మానుకోవద్దని నా మనవి. కష్టపడి నేర్చుకున్నవాడికే ఎక్కడ కాలు జారుతుందో తెలుస్తుంది. డిగ్రీ పట్టా భద్రంగా పెట్టుకోండి, వీసాకి అది కావాలి. సంతకానికి ముందు కాంట్రాక్టులో వారానికి గంటలెన్నో, ఆరోగ్య బీమా, పెన్షను ఎవరు కడతారో, ఇల్లు ఎవరి పేరున ఉంటుందో చదవండి. చిన్న ఊరు దొరికితే వదులుకోకండి.