రంగు మరక

కిందటేడు అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్లాము. ఒక శనివారం ఉదయం, పదహారేళ్ల మా మనవడు సంచిలోనుండి తుపాకివంటిది ఒకటి బయటికి తీశాడు. మా ఇద్దరికీ గుండె ఆగినంత పనయింది.

"ఇది గన్ కాదు తాతయ్యా, మార్కర్. పెయింట్‌బాల్ ఆడుకునేది" అన్నాడు. పేరు మార్చితే పాము తాడవుతుందా అనుకున్నాము గాని పైకి అనలేదు.

వాడు చెప్పినది విన్నాక మనస్సు కొంత కుదుటపడింది. అడవిలో చెట్లకు, మందలో పశువులకు దూరంనుండి రంగు గుర్తు వేయడానికి చేసిన పనిముట్టట అది. మన గొర్రెలకాపరులు గొర్రెల వీపున రంగు పూయరూ, అలాగే. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో హెనికర్ దగ్గర అడవిలో 12 మంది దానితో మొదటి ఆట ఆడారు. జెండాలు సంపాదించి గెలిచినవాడు అడవిపని తెలిసిన మనిషి. ఒక్క గుండయినా పేల్చకుండానే గెలిచాడట! అది మాకు భలే నచ్చింది.

ఆట స్థలానికి మమ్మల్నీ తీసుకువెళ్లాడు. గుండు వేగం సెకనుకు 300 అడుగులు దాటకుండా యంత్రంతో కొలిచి గాని ఎవరినీ లోపలికి పంపలేదు. ముఖానికి తొడుగు తీస్తే ఆట ఆపేస్తారు. కంటికి తగిలితే చూపే పోతుంది మరి. బయటికి రాగానే గొట్టం మూతికి గుడ్డ తొడుగు వేయాలి. రంగు అంటినవాడు తానే చెయ్యెత్తి తప్పుకోవాలి. చాటుగా తుడిచేసుకొని ఆడేవారూ ఉంటారట, వారితో ఆడడానికి ఎవరూ ఇష్టపడరట.

మేము తిరుగు ప్రయాణమయ్యే ముందు వారం, రాత్రివేళ ఎవరో కుర్రవాళ్లు కారులో పోతూ ఎదురింటి ముసలావిడ చెక్కగోడ నిండా రంగు గుండ్లు కొట్టి పోయారు. తెల్లవారి ఆమె వాకిట నిలబడి మా ఇంటి వైపే చూస్తోంది. ఆ రాత్రి మనవడు ఇంట్లోనే ఉన్నాడు, మేమే సాక్షులం.

"నేను చేయలేదుగా! నా వంక అలా చూస్తుందేం?" అని వాడికి ఒకటే ఉక్రోషం.

మా కోడలు గిన్నెలు కడుగుతూనే అంది: "ఆవిడకు ఆ రంగు తెలుసు, నీ చేతిలో ఆ మార్కర్ చూసింది. ఇంకేం తెలుసు నాన్నా?"

వాడు మాట్లాడలేదు. చాలాసేపటికి మాతో మాత్రం చెప్పాడు, ఒకసారి సంచిలో పెట్టకుండా, చేత్తో ఊపుకుంటూ వీధి దాటాడట. అక్కడ పోలీసులు దూరంనుండి చూసి నిజం తుపాకి అనుకుంటే ఏమి కావలసింది! మేము బాగా కేకలేశాము.

మధ్యాహ్నం వాడే బకెట్టు నీళ్లు, గుడ్డ పట్టుకొని ఎదురింటికి వెళ్లాడు. తలుపు తట్టి, తాను చేయలేదనీ, కడిగి పెడతాననీ చెప్పాడు. తలుపు తెరుచుకోలేదు. అయినా మొదలుపెట్టాడు. నీటికి కరిగే రంగే గాని, ఎండిపోయిన చోట లేతగా మరక ఉండిపోయింది. రెండో బకెట్టుకు వాడు వెనక్కి తిరిగినప్పుడు, కిటికీ తెర కొంచెం కదలడం మేము వరండాలోనుండి చూశాము.