తండ్రి లేక సంరక్షకుని సంతకం

బడి నుంచి కబురొచ్చిందంటే చాలు, ఎంతటివాళ్ళకైనా గుండె గతుక్కుమంటుంది. "మీ అబ్బాయి బుద్ధిగా చదువుకుంటున్నాడండీ, ఆ మాట చెబుదామనే పిలిపించాను" అన్న హెడ్మాస్టరుగారిని మీరెక్కడైనా చూశారా? నేను చూడలేదు. పిలిపించారూ అంటే ఫీజు బాకీ అయినా ఉండాలి, కిటికీ అద్దమైనా పగిలి ఉండాలి. మనం మాత్రం తక్కువ తిన్నామా? బడి గుమ్మం తొక్కామంటే మార్కులెందుకు తగ్గాయని నిలదీయడానికే! మొత్తానికి బడికీ ఇంటికీ మధ్య చుట్టరికం వియ్యాలవారి చుట్టరికం లాంటిది. మర్యాదలకేం లోటుండదు. మనసులో మాట మాత్రం పైకి రాదు.

మా చిన్నప్పుడు ఈ రెండు చోట్లకీ మధ్య తిరిగే రాయబారి ఒక్కటే, ప్రోగ్రెస్ కార్డు. క్వార్టర్లీ, హాఫియర్లీ మార్కులు, హాజరు, అడుగున "తండ్రి లేక సంరక్షకుని సంతకం" అని ఒక గీత. ఆ గీత మీద సంతకం పెట్టించుకోవడం అసలు పరీక్ష కన్నా పెద్ద పరీక్ష. నాన్నగారు భోంచేసి, వక్కపొడి నోట్లో వేసుకుని, పేపరు తిరగేస్తున్న శుభఘడియ చూసి కార్డు అందించాలి. ఆ ఘడియ కోసం కాచుకు కూర్చోవడం దేనికని మా అన్నయ్య నాన్నగారి సంతకమే నేర్చేసుకున్నాడు. ఇప్పుడు వాడు బ్యాంకులో ఆఫీసరు. పదిమంది సంతకాలూ సరిచూసే ఉద్యోగం!

నాన్నగారు క్యాంపుకి వెళ్తే అమ్మ పెట్టేది. పెట్టేముందు ఆ గీత కింద అక్షరాలు పైకి చదివి, "ఇంతకీ నేను తండ్రినా, సంరక్షకుణ్ణా?" అనేది. మేమంతా గొల్లున నవ్వేవాళ్ళం. ఎక్కాలు అప్పజెప్పించుకునేదీ, జ్వరమొస్తే సెలవు చీటీ రాసిచ్చేదీ ఆవిడే. కార్డులో మాత్రం ఆవిడకి చోటు లేదు. ఆ మాటలో హాస్యం పాలు ఎంతో, నొప్పి పాలు ఎంతో ఆవిడకే తెలియాలి.

ఇప్పుడు వాట్సాప్ రోజులొచ్చాయి. "రేపు పిల్లలకి పసుపురంగు బట్టలు వేసి పంపండి" అని టీచరుగారు ఇంగ్లీషులో ఒక ముక్క రాస్తారు. దాని కింద నలభైమంది తల్లులు వరసగా "ఓకే మేడమ్" అంటారు. నలభై ఒకటో ఆవిడ తీరిగ్గా వచ్చి "ఏ రంగు మేడమ్?" అంటుంది. మళ్ళీ మొదలు! పొద్దస్తమానం ఇన్ని మాటలు నడుస్తాయి గానీ, పిల్ల మధ్యాహ్నం సరిగా తింటోందా, ఎవరితోనైనా స్నేహంగా ఉంటోందా అన్నది మాత్రం అందులో వెతికినా దొరకదు.

నిజానికి చట్టం ఇంకోలా చెబుతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం తల్లిదండ్రులతో తరచు సమావేశమై పిల్ల హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ప్రగతి తెలియజెప్పడం టీచరు విధుల్లో ఒకటి. ప్రభుత్వ పాఠశాలల్లో యాజమాన్య కమిటీ వెయ్యాలి, అందులో ముప్పాతికమంది తల్లిదండ్రులు, సగంమంది ఆడవాళ్ళు ఉండాలి. కాగితం మీదైనా మా అమ్మ ప్రశ్నకి జవాబు దొరికిందన్నమాట.

కాగితం మీద ఉన్నది గుమ్మం దాకా రావడం నేను ఒక్కసారి చూశాను. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజున తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు మునిసిపల్ స్కూల్లో ఆరో తరగతి. నాలుగిళ్ళ పని మానుకుని వెళ్ళాలా అని ఆవిడ బెంగ. అంతకన్నా పెద్ద బెంగ, "ఆళ్ళు ఇంగిలీసులో అడిగితే నేనేం చెప్పేదమ్మగోరూ?" అని. "తెలుగులోనే అడుగుతారులే, వెళ్ళి రా" అన్నాను.

సాయంత్రం వచ్చి మొదట చెప్పిన మాట, "నాకు కుర్చీ ఏశారండీ!" ముగ్గుల పోటీ సంగతీ, పిల్లతో కలిసి భోంచేసిన సంగతీ తరవాత. అసలు సంగతి ఆఖర్న చెప్పింది. పిల్ల బోర్డు చూడకుండా పక్కపిల్ల పుస్తకంలో చూసి రాస్తోందని టీచరమ్మ అన్నదట. "ఇంటికాడ టీవీ కూడా ముక్కు ఆనిచ్చి చూత్తాదండీ" అన్నదట ఈవిడ. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వారం తిరక్కుండా పిల్లకి కళ్ళజోడు వచ్చింది.

చూశారా! టీచరు దగ్గర సగం సంగతి ఉంది, తల్లి దగ్గర సగం ఉంది. ఆ రెండు సగాలూ ఒకచోట చేరకపోతే ఆ పిల్ల "కాపీ కొట్టే పిల్ల"గానే మిగిలిపోయేది. ఎన్ని కార్డుల మీద సంతకం పెట్టించినా ఆ సంగతి బయటపడదు. సంతకం అంటే "చూశాను" అనే గానీ "చెప్పాను" అని కాదు కదా.

నన్నడిగితే ఆ సంతకం గీత పక్కన "మీకు తెలిసింది రాయండి" అని మరో నాలుగు గీతలు ఖాళీగా వదలమంటాను. రాయడం రాని తల్లి అయితే గీతలక్కర్లేదు. ఓ కుర్చీ వెయ్యండి, చాలు.