ఉద్దానపు పెరటిలో ఆపిలు చెట్టు

పలాస దాటి సోంపేట, కవిటి వైపునకు పోవువారికి సముద్రము కనబడక మునుపే కొబ్బరితోటలు కనబడును. వాని నడుమ జీడిమామిడి, పనస, మునగ. శ్రీకాకుళము జిల్లాలోని యీ భాగమునకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే యిట్లు మారినదని చెప్పుదురు. ఇచ్చటి యిల్లాలికి పెరడనగా వంటయింటికి రెండవ కొట్టుగది. కొబ్బరికాయ వెలకు కొనుట యామెకు నామోషి.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఈ తోటలలో లక్షలకొలది చెట్లు నేలకొరిగినవి. కొబ్బరిమొక్క చక్కగా కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. కావున ఖాళీపడిన చోట నేమి నాటవలెననునది ఇచ్చట ఊసుపోని ముచ్చట గాదు. పిల్లల చదువులును, పెండ్లిండ్లును దానిమీదనే యాధారపడియున్నవి.

అట్టిచోట ఆపిలు నాటరాదా యని యడుగు సోదరీమణులు కలరు. ఆపిలు శీతకాలమున ఆకు రాల్చి నిద్రించు చెట్టు. సుమారు ఏడు డిగ్రీలకు లోబడిన చలి, సామాన్యజాతులకు వేయి గంటల వరకు, తగిలినగాని మొగ్గ సరిగా విచ్చదు. ఉద్దానమున పుష్యమాసపు రాత్రియు నంత చల్లనిది గాదు. తక్కువ చలితో సరిపెట్టుకొను జాతులు లేకపోలేదు. హిమాచలప్రదేశమున పనియాలా గ్రామవాసి హరిమన్ శర్మగారు పెంపొందించిన హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 అట్టిది, ఆయనకు 2025లో పద్మశ్రీ బిరుద మిచ్చిరి. ఇశ్రాయేలు దేశపు ‘అన్నా’ మరియొకటి. దానికి సమీపమున వేరొక జాతి ఆపిలు పూయకున్న పిందె చాలినంత పట్టదు. గింజ నాటిన తల్లిపండు రాదు, అంటుమొక్కయే కావలెను.

శృంగవరపుకోట దాటి కొండ యెక్కినచో అరకు. ఇంకను పడమటి మన్యమున లంబసింగి. సుమారు మూడువేల అడుగుల యెత్తుననున్న యా చోట్ల ఆపిలు నాటి చూచుటలో నర్థము కలదు. ఉప్పుగాలి తగులు కవిటి పెరటిలో ముచ్చటకొక మొక్క, నీరు నిలువని మూల, పెంచుకొనుడు, ఆదాయమునకు నమ్ముకొనకుడు. కూలిన కొబ్బరికి మారుగా కొబ్బరినే యిరువదియైదడుగుల యెడముతో నాటి, మొదటి యేండ్లలో నడుమ అరటి, పసుపు వేసికొనుట మేలు.

ఇంగ్లీషువారు జీడిమామిడి పండునే ‘కాషూ ఆపిలు’ అందురు. గింజ తీసికొని పండును పారవేయు వాడుక మనది! నారింజకంటె దీనిలో సి విటమిను హెచ్చు. గొంతు పట్టు వగరునకు భయపడనక్కరలేదు: రసము పిండి, పలుచని గంజి కలిపి కదల్పక యుంచిన వగరు అడుగున పేరును, పైతేట వడగట్టి, పంచదార వేసి వేసవిలో పిల్లల కీయవచ్చును.